పుంజు ఒప్పుకోవాలి

ఆ ఏడాది నేను బతికి బయటపడింది మా అమ్మ మొక్కు వల్లనా, కర్నూలు డాక్టరు రాసిన సూదుల వల్లనా అన్న తగువు మా ఇంట్లో ఇంకా తేలలేదు. టైఫాయిడ్ ముదిరి నేను ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు, లేచి నడిస్తే ఎర్ర పుంజును ఇచ్చుకుంటానని అమ్మ మా ఊరి మారెమ్మకు మొక్కింది. నేను లేచాను. పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి, కోడుమూరు దగ్గర మా ఊళ్లో అమ్మతోనే ఎండాకాలమంతా ఉండిపోయాను.

నన్ను ఒక్క పనీ ముట్టుకోనిచ్చేది కాదు. పొద్దస్తమానం వేపచెట్టు కింద మంచం మీద కూర్చోబెట్టేది. నాకు తోడు అమ్మ పెంచే కోళ్లే. ఎర్ర పుంజు నా కోసం చావబోతోందని తెలిశాక దానికేసి సూటిగా చూడలేకపోయేదాన్ని. మధ్యాహ్నం ఎండకు అది ముక్కు తెరిచి రొప్పుతుంటే మనసాగక, చెంబుతో నీళ్లు తెచ్చి వీపు మీద చల్లేదాన్ని. మొదట్లో ఉలిక్కిపడి, ఒళ్లంతా విదిలించుకుని పారిపోయేది. పది రోజుల్లో అలవాటు పడింది. చెంబు కనిపిస్తే చాలు, తనే వచ్చి నా కాళ్ల దగ్గర కళ్లు సగం మూసుకుని నిలబడేది, ఇంకా పొయ్యమన్నట్టు.

మొక్కు చెల్లించడానికి ఒక మంగళవారం అనుకున్నారు. మామ, అంటే అమ్మ తమ్ముడు, కత్తి నూరుకుని వచ్చాడు. అత్త జొన్నరొట్టెలు చేసి గంపకెత్తింది. పుంజును తీసుకుని అందరం గుడికి వెళ్లాం. మా వైపు ఒక పద్ధతి ఉంది. గుడి ముందు కోడి మీదైనా పొట్టేలు మీదైనా పసుపునీళ్లు పోసి ఆగుతారు. అది ఒళ్లు విదిలిస్తే ఒప్పుకున్నట్టు. ఆ తర్వాతే కత్తి. అమ్మ అయితే ఇంట్లో కూరకు కోసే కోడిని కూడా ఇలా అడగకుండా కోయనివ్వదు. నీళ్లు పడితే ఏ జీవమైనా విదిలించుకుంటుంది, ఇదంతా మనకు మనం చెప్పుకునే సర్దుబాటని నేను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో.

అమ్మ నీళ్లు పోసింది. పుంజు కదల్లేదు.

మళ్లీ పోసింది. అది మెడ కొంచెం చాచి, కళ్లు సగం మూసుకుని అలాగే నిలబడింది. అమ్మ ముఖం పాలిపోయింది. "నా బిడ్డ కోసరం అడుగుతాండా. ఒప్పుకో నాయనా," అని కోడికి చేతులు జోడించింది. ఎండ ఎక్కుతోంది. మామకు విసుగొచ్చింది.

"ఎంతసేపక్కా? చెవులో రెండు సుక్కలేస్తే అదే ఇదిలిస్తాది."

"ముట్టొద్దప్పా. దాని మాట అది చెప్పాల. నువ్వు చెప్పించొద్దు."

దాని మాటేమిటో అక్కడ నాకొక్కదానికే తెలుసు. అది కాదనడం లేదు. ఒంటికి చల్లగా ఉందని నిలబడింది, అంతే. నేను నోరు మూసుకుంటే పుంజు బతుకుతుంది. కానీ మారెమ్మ మొక్కు కాదన్నదని, నాకు మళ్లీ జ్వరం వస్తుందని అమ్మ దినదినం నా నుదురు తడిమి చూసుకుంటూ చస్తుంది. ఆ ముఖం చూడలేక చెప్పేశాను. చెంబు సంగతి, నీళ్ల సంగతి, దానికి భయం పోయిన సంగతి. పుంజు ప్రాణం పోతుందని తెలిసే చెప్పాను, దాచుకోవడం ఎందుకు.

మామ నవ్వాడు. "ఇంతేనా! ఇంగ అడిగే పనేముండాది?" అని కత్తి తీశాడు.

అమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "పాప చెయ్యి నమ్మి నిలబడుండాదప్పా అది. భయం ల్యాకుండా చేసిండేది మనమే. దాన్నింగ ఏమని అడిగేది? వదులు."

తర్వాత టెంకాయ కొట్టి, గుడి గడప మీద తల ఆనించింది. "తల్లీ, మాట తప్పుతాండేది నేను. కోపమొస్తే నా మీద చూపియ్. పాపను ముట్టొద్దు."

అమ్మ నమ్మకం ప్రకారం అక్కడ పణంగా ఉన్నది నా ప్రాణం. నా కోసం ఏ గడపైనా తొక్కే మనిషి, ఒక కోడిని మోసం చెయ్యాల్సి వచ్చేసరికి ఆగిపోయింది. ఇంత పెద్ద మనిషితోనా ఇన్నేళ్లు వేళాకోళమాడాను అనిపించి తలెత్తలేకపోయాను.

రొట్టెలున్నాయి, కూర లేదు. మామ బండేసుకుని కోడుమూరు పోయి రెండు కిలోల బాయిలర్ కోడి కొట్టించుకొచ్చాడు. గుడి పక్కనే వండారు. రెండు నెలల పథ్యం తర్వాత ఆ మసాలా వాసనకు నాకు నోరూరింది. ఆబగా తిన్నాను. అమ్మ మాత్రం రొట్టెలో చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి నంజుకుంటోంది.

"కూర ఏసుకోలేదేమ్మా?"

"దీన్ని ఎవరన్నా అడిగిండారా పాపా?"

దెప్పడానికి అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పి, ఇంకో రొట్టె అందుకుంది. మామ నమలడం ఆపాడు. నా చేతిలో కాలు ముక్క సగం కొరికి ఉంది.

అంతలో నా పక్కనున్న నీళ్ల చెంబు చూసి ఎర్ర పుంజు వచ్చింది. నా మోకాలికి ఆనుకుని కళ్లు సగం మూసుకుంది. కుడిచేతిలో ముక్క అలాగే ఉంది. ఎడమచేత్తో దాని వీపు మీద నీళ్లు చల్లాను.