నాగలక్ష్మి టీచర్ చేయించిన బోణీ

కొత్త నూలుచీర మడత విప్పితే గంజి వాసన వస్తుంది. ఈ ఉదయం ఆరుంబావుకి ఆ వాసన తగిలి, చీర ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నాగలక్ష్మి టీచర్ గుర్తొచ్చారు. ఆవిడ పోయి రెండేళ్ళ నాలుగు నెలలైంది.

కోయంబత్తూరులో మా వీధి చివరి ఇల్లు ఆవిడది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బడిపిల్లల చేత నాటకాలు వేయించారు. రిటైరయ్యాక మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్ళ చేత వేయించారు, శనివారాలు పదింటికి, మా సంఘం కల్యాణమండపంలో. అదంతా కాలక్షేపం అనుకునేదాన్ని, మా ఆయనకు ఆ జబ్బు వచ్చేదాకా.

మాది జవుళి అంగడి. నలభై ఒక్క ఏళ్ళలో బోణీ కానిదే ఆయన ఒక్కరోజూ ఇడ్లీ ముట్టలేదు. అంగడి అమ్మేసిన సంగతి మరిచిపోయారు గానీ ఆ నియమం మరవలేదు. "ఇంకా బోణీ కాలేదే" అని పళ్ళెం తోసేసేవారు. "అంగడి అమ్మి ఆరేళ్ళాయె" అని నేను సరిదిద్దేదాన్ని. అప్పుడే మొదటిసారి విన్నట్టు ఏడ్చేవారు. రెండు నెలల్లో ఐదు కిలోలు తగ్గారు. ఆయన ఇలాగే తిండి లేకే చనిపోతారని నాకు భయం పట్టుకుంది.

చూడటానికి వచ్చిన టీచర్‌తో, "నిన్న ఒక్క దినమే పదకొండు తడవలు చెప్పినాను. మండకి ఎక్కలే" అన్నాను, తల తట్టి చూపిస్తూ.

"పదకొండు తడవలా? అట్లయితే పదకొండు తడవలు ఆయన అంగడి పోయింది కదక్కా" అన్నారావిడ.

మళ్ళీ ఆవిడే నవ్వి, "శనివారం పిలుచుకొని రాండి. ఇడ్లీలు ఎత్తుకొని రాండి. ఆ దిద్దే నోరు మాత్రం ఇంట్లో పెట్టేసి రాండి" అన్నారు.

మండపంలో ఒక బల్ల, గజం కర్ర, నాలుగు నూలుచీరలు. ఏర్పాటు అంతే. టీచర్ బల్ల ముందు వంగి వాకిలి ఊడ్చారు, నీళ్ళు చల్లారు. చేతిలో చీపురు లేదు, చెంబు లేదు. అయినా నేను కాళ్ళు తడుస్తాయని వెనక్కి తీసుకున్నాను. మా ఆయన చెప్పులు విడిచి, బల్ల వెనక నిటారుగా కూర్చున్నారు. టీచర్ నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోశారు.

"రాండమ్మా, కూకోండి. మొదటి బేరం మీదే" అన్నారాయన నాతో. చీరలు ఒక్కొక్కటే విప్పి చూపించి, "మీ ఇంటాయన రాలేదామ్మా?" అని అడిగారు.

యాభై రెండేళ్ళ కాపురం. "మీరే కదా" అన్న మాట నాలుక చివరికి వచ్చింది. టీచర్ వైపు చూశాను. ఆవిడ సైగైనా చేయలేదు. నేను చేయగలనని ముందే తెలిసినట్టు నిలబడ్డారు.

"వస్తారు. ఆయన కొంచెం నిదానం" అన్నాను. "ఈ పచ్చది ఇయ్యండి."

చీర మడిచి, కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టారు. "బోణీ ఆయె! టిఫను ఎత్తుకొని రాండి!" మూడు ఇడ్లీలు తిన్నారు.

ఆయన బతికిన మిగతా పద్నాలుగు నెలలూ రోజూ ఎనిమిదిన్నరకు మా హాల్లో బోణీ అయింది. అరవై ఏళ్ళు అందరి తప్పులూ దిద్దినదాన్ని ఒక్క పూటలో అలా మార్చడం ఆవిడకెలా చేతనైందో నాకింకా అంతుపట్టదు.

శనివారాలు ఇప్పుడు ఆవిడ బదులు నేను మండపానికి వెళుతున్నాను. మొన్న ఒక పెద్దాయన నన్ను తన అక్క అనుకుని, "బడికి పోదామా?" అన్నాడు. నాకు డెబ్బై తొమ్మిది.

"సంచి ఎత్తుకోరా, గంట కొట్టేస్తారు" అన్నాను.