అడక్కుండా తుడిచేసే డిస్క్

ఆ శిక్షణ సంస్థలో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరూ నెక్స్ట్ మేడమ్ అంటారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడు ప్రిన్సిపాలే. ఒకసారి స్టాఫ్ మీటింగులో, ల్యాబ్‌లోని నలభై ఎనిమిది కంప్యూటర్లకూ విండోస్ మళ్లీ ఎక్కించాలి, పది రోజులు కావాలి అని ఆమె అడిగింది. ఆయన కళ్లజోడు తీసి తీరిగ్గా తుడుచుకుని, "పది రోజులెందుకమ్మా? కూర్చుని నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కడమేగా!" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. ఆమె కాక నవ్వనిది అటెండర్ ఒక్కడే, అదీ మాట సరిగ్గా వినపడక.

నొక్కడమేనట! ఆ నొక్కుడేమిటో నొక్కినవాళ్లకి తెలుస్తుంది. ఒక్కో మెషిన్ ముందు కూర్చోవాలి. అది భాష అడుగుతుంది, కీబోర్డు అడుగుతుంది, పాతికక్షరాల లైసెన్స్ కీ అడుగుతుంది, ఏ డిస్కులో ఎక్కించాలో అడుగుతుంది. కాసేపు తనపని తాను చేసుకుంటుంది కదా అని టీకి లేస్తే, సరిగ్గా అప్పుడే ఇంకో ప్రశ్న వేసి, జవాబు వచ్చేదాకా మొండికేసి కూర్చుంటుంది. ఆ తర్వాత టైపింగ్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్, స్పీకర్లు, ఒక్కోటీ విడివిడిగా. ఏడాదికి రెండు బ్యాచ్‌లు, రెండు సార్లు ఇదే తంతు. తొమ్మిదేళ్లుగా.

తొమ్మిదేళ్లుగా ఆమె తాత్కాలిక ఉద్యోగి. చేరేముందు ఒక డీటీపీ షాపులో విజిటింగ్ కార్డులు టైపు చేసేది. అక్కడ మెషిన్ చెడితే మెకానిక్ ఎన్నిసార్లు పిలిచినా వచ్చేవాడు కాదు, అందుకని తనే స్క్రూడ్రైవర్ పట్టింది. అలా నేర్చుకున్న పనే ఇప్పటికీ అన్నం పెడుతోంది. కోపం వస్తే అరవదు. తడిగుడ్డ తీసుకుని కీబోర్డులు తుడుస్తుంది. ల్యాబ్‌లో చాలా కీబోర్డుల మీద అక్షరాలు అరిగిపోయి ఉంటాయి. పిల్లలు ఎక్కువ టైపు చేయడం వల్లని ప్రిన్సిపాల్ అనుకుంటాడు, పాపం.

సంస్థను నడిపే కమిటీ ఏడాదికోసారి కూర్చుని, తాత్కాలికంగా ఉన్నవాళ్లలో ఎవరిని పర్మనెంట్ చేయాలో తేలుస్తుంది. దానికి ప్రిన్సిపాల్ సిఫార్సు లెటర్ ఉండాలి. మూడేళ్లుగా ఆమె అడుగుతూనే ఉంది. మూడేళ్లుగా ఆయన తన టేబుల్ మీది కంప్యూటర్ని ఆప్యాయంగా తడుతూ ఒకటే మాట: "నీ లెటర్ ఇందులో రెడీగా ఉందమ్మా. ప్రింట్ తియ్యడమే ఆలస్యం." మొదటి ఏడాది కమిటీ రోజున ప్రింటర్లో ఇంకు లేదు. రెండో ఏడాది కాగితం ఇరుక్కుంది. మూడో ఏడు ఆయనకు గుర్తులేదు.

ఆ నెక్స్ట్ మాట మాత్రం ఆమె గుండెలో ముల్లులా దిగిపోయింది. సరే, ఆ నెక్స్ట్ కూడా మనిషి నొక్కక్కర్లేకుండా చేసి చూపిస్తా అనుకుంది. విండోస్ వేసే ప్రశ్నలన్నిటికీ జవాబులు ముందే ఒక ఫైల్లో రాసి, దాన్ని ఎక్కించే డిస్కులోనే పెట్టేస్తే, అది ఎవర్నీ అడక్కుండా తనంతట తాను ఎక్కేస్తుంది. అలాంటి డిస్క్ చేయవచ్చని ఆమెకు తెలుసు. చేయడమే తెలియదు.

భర్త పనిచేసే వర్క్‌షాపులో పాత కంప్యూటరొకటి మూలన పడేశారు. ఆయన దాన్ని స్కూటర్ మీద మోసుకొచ్చి, "ఇదిగో, దీన్ని చంపుకుంటావో బతికించుకుంటావో నీ ఇష్టం" అన్నాడు. దాన్ని అత్తగారి మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. పొద్దున్నే కొత్త డిస్క్ పెట్టి మెషిన్ ఆన్ చేసి డ్యూటీకి వెళ్లిపోయేది. కాపలా అత్తగారిది. ఆవిడకి ఇంగ్లీషు అక్షరం రాదు. కానీ కన్ను మహా చురుకు.

"అమ్మాయ్, ఆగిపోయింది," అని ఫోన్ చేసేది. "నీలం తెర మీద తెల్లపెట్టె. చుక్కలు తిరగడం లేదు. ఏదో అడుగుతోంది, నన్ను చెప్పమంటావా?"

"వద్దత్తయ్యా, అడక్కూడదు అది. ఆపేసెయ్యండి."

మూడో డిస్క్ జవాబుల ఫైల్లో ఒక్క గీత తక్కువైనందుకు మొత్తానికే ఎక్కనంది. అయిదోది కీబోర్డు ఏదని అడిగింది. ఏడోదైతే అత్తగారి ప్రాణం తీసింది. "సగం దాకా వస్తుంది, ఆరిపోయి వెలుగుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. పొద్దుట్నుంచి ఇది నాలుగోసారే తల్లీ! నాకే కళ్లు తిరుగుతున్నాయి." మధ్యలో మెషిన్ తనంతట తాను ఆగి మొదలైనప్పుడల్లా, లోపలున్న డిస్క్ మళ్లీ మొదట్నుంచీ పని అందుకుంటోంది. మొదట్లో ఏదో ఒక మీట నొక్కితేనే డిస్క్ పనిచేసేలా మార్చింది. ఒక్కసారి నొక్కి వదిలేస్తే చాలు. పదో డిస్క్ చివరిదాకా వెళ్లింది. సాయంత్రం ఆమె గుమ్మంలో అడుగు పెట్టేసరికి అత్తగారు మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది.

"ఒక్క మాట కూడా అడగలేదే! నేను కన్నార్పకుండా చూశా. కానీ అమ్మాయ్, మొదట్లో ఇందులో ఉన్నదంతా తుడిచేస్తుందన్నావుగా. ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా కిందేమైనా పడి ఉందా అని చూసి ఊడుస్తాం. ఇదేమిటి, ఏమీ అడక్కుండానే తుడిచేయడం?"

ఆ మాట ఆమెకి నచ్చింది. పదకొండో డిస్కులో ఒక్క ప్రశ్న చేర్చింది: ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా? సరే అంటేనే ముందుకు వెళ్తుంది. ఆ డిస్క్ తీసుకెళ్లి ప్రిన్సిపాల్‌కి చూపించింది. ఆ ఒక్క ప్రశ్న చూడగానే ఆయన మొహం చిట్లించాడు.

"మళ్లీ ఇదెందుకు? ఏమీ అడగదన్నావుగా! తీసెయ్."

"తుడిచే ముందు అడగడం మంచిది సార్. పొరపాటున వేరే సిస్టంలో పెడితే..."

"అంత పొరపాటు ఎవరు చేస్తారమ్మా, చిన్నపిల్లలమా? తీసెయ్యమంటే తీసెయ్."

తీసేసింది. డిస్క్ మీద మార్కర్‌తో పన్నెండు అని వేసి, కింద 'ల్యాబ్‌కి మాత్రమే' అని రాసింది. ల్యాబ్ మొత్తం రోజున్నరలో పూర్తయింది. పది రోజుల పని! ఎవరైనా భేష్ అంటారని కాదు గానీ, కనీసం ఆ నెక్స్ట్ పేరు మానేస్తారేమో అనుకుంది. ప్రిన్సిపాల్ వచ్చి చూసి, "ఇది సంస్థ ఆస్తి, నా దగ్గర ఉండనీ" అని డిస్క్ తీసుకెళ్లి తన డ్రాయర్లో పెట్టుకున్నాడు. ఆ రోజు ఆమె పదహారు కీబోర్డులు తుడిచింది.

కమిటీ సోమవారం. శనివారం పొద్దున ఆమె లెటర్ సంగతి గుర్తుచేద్దామని ల్యాబ్‌లోంచి బయల్దేరబోతుంటే, ప్రిన్సిపాల్ గదిలోంచి కేక వినపడింది. వెళ్లి చూస్తే ఆయన టేబుల్ కింద దూరి ఉన్నాడు. చేతిలో పీకిన ప్లగ్గు.

"చూడు నీ డిస్క్ ఏం చేసిందో! సిస్టం నెమ్మదిగా ఉందని పెట్టా. ఏదో మీట నొక్కమంది, నొక్కా. అంతే! పదేళ్ల ఫైల్స్! సోమవారం కమిటీకి పెట్టాల్సినవన్నీ అందులోనే ఉన్నాయి. ముందు ఒక్కమాట అడగాలి కదా అది?"

"అడిగేది సార్. మీరే తీసెయ్యమన్నారు."

"నాకు ఎదురు చెప్పకు! సోమవారం పొద్దుటికి అన్నీ రావాలి. రాలేదో, నీ ఉద్యోగం ఉండదు."

ఒళ్లు భగ్గున మండింది. మరుక్షణం గుర్తొచ్చింది. తన లెటర్ కూడా అందులోనే కదా ఉంది! మూడేళ్లు ఎదురుచూసిన కాగితాన్ని తన చేత్తో చేసిన డిస్కే మింగేసిందే! మెషిన్ విప్పి హార్డ్ డిస్క్ ఊడదీసి సంచిలో పెట్టుకుని ఇంటికెళ్లింది. మధ్యలో ప్లగ్గు పీకడం ఒక్కటే ఆ మనిషి చేసిన మంచిపని. తుడిచినా పాతవాటి మీద కొత్తవి ఎక్కువ పడకపోతే వెతికి తీయవచ్చు.

ఆదివారమంతా మంచం పక్కన స్టూలు మీద ఆ వెతుకులాట నడిచింది. ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటిగా పైకి వస్తున్నాయి. సర్క్యులర్లు, టైమ్‌టేబుళ్లు, ఆయనగారి సన్మానం ఫొటోలు మూడొందల నలభై. మధ్యాహ్నం భోజనం వేళకి దాదాపు అన్నీ వచ్చేశాయి. ఆమె తన పేరుతో వెతికింది. లేదు. సిఫార్సు అని వెతికింది. వేరేవాళ్లవి నాలుగు వచ్చాయి, తెరిస్తే అక్షరం చెదరకుండా ఉన్నాయి. మూడేళ్లలో రాసిన లెటర్లన్నీ తేదీల వారీగా పెట్టి ఒక్కోటీ తెరిచి చూసింది. తనది లేదు. పోవడం కాదు, అసలు ఎప్పుడూ లేదు.

ఉన్నది ఇంకొకటి. డిస్క్ ఆయన డ్రాయర్లోకి వెళ్లిన మర్నాటి తేదీతో, కమిటీకి ఒక నోట్. ప్రిన్సిపాల్ స్వయంగా రూపొందించిన డిస్క్ వల్ల కంప్యూటర్ల పని ఇకపై దానంతట అదే జరిగిపోతుంది కనుక, ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు అవసరం లేదు అని.

రెండు సార్లు చదివింది. వచ్చింది ఏడుపు కాదు, కోపం. తొమ్మిదేళ్లుగా గుడ్డకి తుడిచిన కోపమంతా ఒక్కసారి అరికాలి నుంచి నెత్తికెక్కింది. అత్తగారికి చదివి వినిపించింది. భర్త చేయి కడుక్కోవడం మానేసి అలాగే నిలబడిపోయాడు.

"అయితే ఏమీ అడక్కుండా తుడిచేయడం మీ సార్‌కి నీ డిస్క్ కంటే ముందే వచ్చన్నమాట," అంది అత్తగారు. "ఆ ఫైళ్లివ్వకు. గంగలో కలవనీ!"

"ఇస్తానత్తయ్యా," అంది ఆమె. "ఊరికే మాత్రం ఇవ్వను."

సోమవారం తొమ్మిదిన్నరకి ఆమె ప్రిన్సిపాల్ గదిలో హార్డ్ డిస్క్ బిగించి, శుభ్రంగా విండోస్ ఎక్కించి ఉంచింది. తీసిన ఫైళ్లున్న పెన్‌డ్రైవ్ ఆమె పిడికిట్లో ఉంది. ఆయన ఆదరాబాదరాగా వచ్చాడు.

"వచ్చాయా?"

"వచ్చాయి సార్. ఒక్కటి తప్ప అన్నీ."

"ఏది రాలేదు?"

"నా లెటర్. మూడేళ్లుగా ఇందులో రెడీగా ఉందన్నారే, అది."

"అదా... పోయుంటుందమ్మా. ఏం చేస్తాం!"

"పోలేదు సార్. రాసుంటే కదా పోవడానికి. నా పోస్టు తీసెయ్యమని రాసింది మాత్రం భద్రంగా వచ్చింది."

ఆయన కళ్లజోడు తీశాడు. తుడవడానికి జేబురుమాలు దొరకలేదు.

"పదకొండింటికి కమిటీ," అందామె. గొంతు పెరగలేదు, కానీ బయట అటెండర్‌కి కూడా వినపడింది. "ముందు నా లెటర్. తర్వాత మీ ఫైల్స్. కూర్చోండి."

"నువ్వే టైపు చెయ్యమ్మా, నేను సంతకం పెడతా. నాకు స్పీడు లేదు..."

"ఎందుకు సార్? కూర్చుని నొక్కడమేగా."

ఆయన కూర్చున్నాడు. రెండు చూపుడు వేళ్లతో అక్షరం అక్షరం వెతుక్కుంటూ మొదలుపెట్టాడు. ఆమె కుర్చీ వెనక నిలబడి అడుగుతూ పోయింది. పేరు? అసలు పేరు, నెక్స్ట్ కాదు. హోదా? ఎన్నేళ్ల సర్వీసు?

"ఆరు..."

"తొమ్మిది."

తొమ్మిది కొట్టాడు. చెమట పట్టింది.

"డిస్క్ తయారు చేసిందెవరు?"

వేలు గాల్లో ఆగిపోయింది. "అది కూడా రాయాలా?"

"రాయాలి."

ముప్పావుగంట పట్టింది. ప్రింటర్లో ఇంకు ఉంది. కాగితం ఇరుక్కోలేదు. సంతకమైంది, ముద్ర పడింది. ఆమె ప్రతి అక్షరం చదివి, మడతపెట్టి, చేతిలో ఉంచుకుంది. అప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టి ఆయన ఫైళ్లన్నీ ఎక్కడివక్కడ సర్దింది. ఒక్కటి కూడా తగ్గించలేదు. చివర్లో ఆ నోట్ కూడా తెర మీద ప్రత్యక్షమైంది.

"ఇదెందుకమ్మా ఇంకా? నువ్వే తీసెయ్యాల్సింది," అన్నాడు ఆయన, తలెత్తకుండా.

"మీరు రాసింది సార్, మీరే తియ్యండి. అడక్కుండా నేనేదీ తుడవను."

ఆయన మౌస్ పట్టుకున్నాడు. దీన్ని శాశ్వతంగా తొలగించమంటారా అని కంప్యూటర్ మర్యాదగా అడిగింది. ఆమె కదలకుండా నిలబడి, ఆయన అవునని నొక్కేదాకా చూసింది. లెటర్ ఇటివ్వండి, నేనిచ్చొస్తానని అటెండర్ గుమ్మంలో చేయి చాపాడు. ఇవ్వలేదు. కమిటీ గదికి తనే నడిచింది.