లక్ష్మీపతి చెప్పిన నంబరు

న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే పేటలోని ఒక బడిలో సత్యవాణి కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటుంది. డిప్లొమా చదివి చేరి పదకొండేళ్లయింది. ల్యాబులో ముప్ఫై రెండు కంప్యూటర్లు. సెలవులు వచ్చినప్పుడల్లా వాటిని తుడిచేసి, ఒకే మాస్టర్ డిస్కు నుంచి అన్నిటికీ కాపీ దించుతారు. చిక్కల్లా ఒక్కటే, ఆ తర్వాత ముప్ఫై రెండూ ఒకే పేరుతో లేస్తాయి. సత్యవాణి ఒక్కోదాని ముందు కూర్చుని, పేరు మార్చి, ఆపి, మళ్లీ ఆన్ చేసేది. దానికి ఒక శనివారమంతా పట్టేది.

కిందటేడు ఆ పనిలోనే చెయ్యి తప్పింది. పదిహేడో నంబరు పేరు రెండింటికి పెట్టేసింది. పరీక్షలో పూజ అనే పిల్ల జవాబులు పక్క కంప్యూటరు జవాబుల కింద కలిసిపోయి, ఆమెకు సున్నా వచ్చింది. సత్యవాణి తప్పు పట్టుకుని మార్కులు సరిచేయించింది గానీ, అందుకు పట్టిన రెండు రోజులూ ఆ పిల్ల ముఖం చూడలేకపోయింది.

ప్రిన్సిపాల్ డయానా మేడం కోప్పడలేదు. "బయట కంపెనీవాళ్లని పిలుద్దామా?" అని మాత్రం అడిగింది.

"నన్ను ఒకసారి చూడనివ్వండి మేడం," అంది సత్యవాణి.

నెలరోజులు తీరిక దొరికినప్పుడల్లా నేర్చుకుని, కంప్యూటరుకు వరసగా పనులు చెప్పే చిన్న స్క్రిప్టు రాసింది. కంప్యూటరు లేవగానే ఆ స్క్రిప్టు దాని సీరియల్ నంబరు చదువుతుంది. సత్యవాణి తయారుచేసిన పట్టికలో ఆ నంబరుకు ఎదురుగా ఉన్న పేరు పెట్టి, తనే మళ్లీ ఆన్ చేస్తుంది. స్క్రిప్టును మాస్టర్ డిస్కులోనే పెట్టింది.

దసరా సెలవుల్లో కాపీ దించి చూసింది. ఇరవై నాలుగు చక్కగా పేర్లు పెట్టుకున్నాయి. ఎనిమిది మాత్రం పాత పేరుతోనే కూర్చున్నాయి. అవి గోల్‌బజార్ కొట్లో విడిభాగాలతో కూర్పించినవి. వాటిలో సీరియల్ నంబరు ఉండాల్సిన చోట కొట్టువాళ్లు నంబరు నింపలేదు. ఎనిమిదింటిలోనూ 'నంబరు ఇక్కడ నింపాలి' అన్న ఒకే మాట ఉంది.

మధ్యాహ్నం పూరీ గేట్ దగ్గరున్న ఇంటికి భోజనానికి వెళ్లింది. అన్నం కలుపుతోందే గానీ ముద్ద నోట పెట్టడం లేదు.

"ఏటమ్మా, అలగున్నావు?" అన్నాడు తండ్రి లక్ష్మీపతి. రైల్వే వర్క్‌షాపులో ముప్ఫయ్యారేళ్లు రైలుపెట్టెల మీద నంబర్లు రాసి రిటైరైన పెయింటరు ఆయన.

సంగతంతా చెప్పింది. ఆయన సావకాశంగా విన్నాడు.

"మాకూ అలాటియి వచ్చీవి. రంగు పోయి నంబరు కనబడదు. కాగితాలు సూస్తే అయీ తప్పే. అప్పుడేటి సేసీవోళ్లం? కిందకి దూరి సూసీవోళ్లం. సట్రం ఇనప మీద గుద్దిన నంబరుంటాది. అది సెరగదు. నీ వాటిల్లో అలాటిది నేదేటి?"

సత్యవాణి కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేసింది.

"ఉంది నాన్నా. నెట్‌వర్క్ కార్డుకి ఉంటాది. దేని నంబరు దానిదే."

"మరింకేటి. ముందు అన్నం తిను."

తిని, సైకిలెక్కి బడికి వెళ్లింది. ఎనిమిదింటి నెట్‌వర్క్ నంబర్లూ రాసుకుని పట్టికలో చేర్చింది. సీరియల్ నంబరు దొరక్కపోతే ఇది చూడమని స్క్రిప్టులో మరో రెండు వరసలు రాసింది. మాస్టర్ డిస్కు నుంచి కొత్త కాపీ దించి, నాలుగింటికి అన్నిటినీ ఆపి, మళ్లీ ఆన్ చేసింది. డయానా మేడం గుమ్మంలో నిలబడి చూస్తోంది. తెరలు ఆరాయి, వెలిగాయి, మళ్లీ ఆరాయి. వెలిగాక ఒక్కోదాని మీద దాని పేరు. సత్యవాణి ముప్ఫై రెండింటి దగ్గరికీ నడిచి, ఒక్కోదాన్నీ పైకి చదివింది. ఏ రెండూ కలవలేదు.

"ఠీక్ హై, కంపెనీవాళ్లు అక్కర్లేదు," అని నవ్వింది మేడం.

ఇంటికి వెళ్లేముందు సత్యవాణి స్క్రిప్టు మొదట్లో ఒక వరస చేర్చింది: "ఇనుము మీద నంబరు చూడమన్నది ఎం. లక్ష్మీపతి, వర్క్‌షాప్ పెయింటర్." సాయంత్రం ఆ వరస ఫొటోని ఫోనులో తండ్రికి చూపించింది.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"ఈ వరస ఏటి సేస్తాది?"

"ఏటీ సెయ్యదు నాన్నా. కంప్యూటరు దీన్ని ఒగ్గేసి కిందకెళ్లిపోతాది. మనుషులు సదువుకోడానికి."

"ఎం పక్కన సుక్క సరిగ్గా పడినాది," అని ఆయన ఫోను తిరిగిచ్చి, టీ పెట్టడానికి లేచాడు.