అత్త చింపేసిన ఆరు జాకెట్లు

మా అత్త దుకాణంలో తిట్లు తినకుండా బయటపడ్డవాడు ఇంతవరకూ లేడు. పడవల సామాను అమ్ముతుంది. తాళ్లు, లంగర్లు, దిక్సూచులు, టార్చిలైట్లు, మంటలార్పే సిలిండర్లు. వాకిట్లో సిమెంటు తొట్టి నిండా నీళ్లు, గట్టుమీద ఐదు కిలోల ఇనుప తూకం. ఎవరైనా లైఫ్ జాకెట్ అడిగితే ఆ తూకం దానికి కట్టి తొట్టిలో వేస్తుంది. తేలితేనే అమ్మకం. మునిగిందా, పంపిన కంపెనీవాడికి ఫోన్ చేసి వాడి ఏడు తరాలనీ కడిగేస్తుంది.

మామయ్య చనిపోయిన ఏడాదే ఈ దుకాణం పెట్టింది. ఆయన పడవ అంచునుంచి జారి సముద్రంలో పడ్డాడు. ఒంటిమీద జాకెట్ ఉంది. అయినా మునిగిపోయాడు. వీధి వీధంతా తలరాత అని చేతులు దులుపుకుంది. అత్త మాత్రం ఆ జాకెట్ కుట్లు విప్పి చూసింది. లోపల ఫోమ్ అట్టముక్కలా అణిగిపోయి ఉంది. పడవల్లో అందరూ జాకెట్‌నే మడిచి తలకింద పెట్టుకుంటారు. ఏళ్ల తరబడి తల బరువు మోసి మోసి ఫోమ్ చచ్చిపోతుంది. పైకి చూస్తే మాత్రం కొత్త పెళ్లికొడుకులా నిగనిగలాడుతూ ఉంటుంది.

ఇదంతా తెలిసి కూడా మా బాబాయి, అంటే అత్త సొంత తమ్ముడు, ఏం చేశాడో చూడండి. పడవ ఆయనదే. నాతో కలిపి అందులో ఆరుగురం. రేపు పొద్దున చేపల వేటకు బయల్దేరాలనగా నన్ను వెంటేసుకుని దుకాణానికి వచ్చాడు.

"అక్కా, నీళ్లలో చేపలెక్కడున్నాయో చూపిస్తుందే, ఆ యంత్రం ఒకటివ్వు. రంగు లైట్ల దండ, ఆ పెద్ద స్పీకరు కూడా."

"మరి జాకెట్లో?"

"ఉన్నాయిగా ఆరు! మొన్న తనిఖీవాడు లెక్కపెట్టి సంతకం కూడా పెట్టాడు."

"వాడు లెక్కపెట్టాడు. నేను ముంచి చూస్తా. ఒరేయ్, వెళ్లి పట్టుకురా."

పడవ దగ్గరికి పోయి ఆరూ మోసుకొచ్చాను. మొదటిదానికి తూకం కట్టి తొట్టిలో వదిలింది. బుడుంగున దిగిపోయింది. రెండోదీ అంతే. మూడోది నాది. దానిమీద నా తలనూనె మరక ఇంకా ఉంది. అదీ అడుగుకు పోయి కూర్చుంది. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండిపోయింది. నాలుగేళ్లుగా దాన్ని నమ్ముకుని అల చూసి కూడా భయపడకుండా తిరిగాను. మిగతా మూడూ అదే దారి పట్టాయి.

"ఈ ఒక్కసారికి కానీయక్కా," అన్నాడు బాబాయి. "ఈసారి వేట పడితే జాకెట్లూ కొంటాలే. స్పీకరు లేకపోతే మావాళ్లు పడవెక్కరు."

"నేనెప్పుడడిగాను స్పీకరు?" అన్నాను.

"నువ్వు నోర్ముయ్! ఆ తెలివేదో కాలేజీలో చూపించాల్సింది."

అత్త వలలు కత్తిరించే పెద్ద కత్తెర తీసి, నీళ్లోడుతున్న జాకెట్‌ను నిలువునా చీల్చేసింది. ఇంకోటి అందుకుంది.

"అక్కా! అవి లేకపోతే రేవు దాటనివ్వరు!"

"అందుకే చింపుతున్నా."

"బావ పోయిన కోపమంతా నామీద తీర్చుకుంటావేంటి?"

అత్త కత్తెర ఆగిపోయింది. ఇంక బాబాయి పని అయిపోయిందనుకున్నాను.

"ఆ కోపం నీమీద కాదురా వెధవా," అంది నెమ్మదిగా. "మెడ పట్టేస్తోంది, ఇంట్లోంచి ఒక దిండు పట్టుకెళ్తానని మీ బావ వెళ్లిన ప్రతిసారీ అడిగేవాడు. కొత్త దిండు, ఉప్పునీళ్లకు పాడైపోతుంది, వద్దని నేనే లాక్కునేదాన్ని. ప్రతిసారీ."

బాబాయి తల దించుకున్నాడు. అత్త మిగతా జాకెట్లు కూడా వరసగా చింపేసి లోపలికి వెళ్లింది. రెక్సిన్ తొడుగులు వేసి తనే కుట్టిన ఆరు దిండ్లు తెచ్చి ఒక్కొక్కటిగా తమ్ముడి గుండెలమీదికి విసిరింది.

"ఇవి తలకిందికి. జాకెట్లు ఒంటిమీదికి. అర్థమైందా, బొమ్మ గీసి చూపించాలా?"

కొత్త జాకెట్లు ఆరూ తొట్టిలో తేలాకే బాబాయి వాటిని తీసుకున్నాడు. లైట్లు, స్పీకరు, ఆఖరికి ఆ యంత్రం కూడా దుకాణంలోనే ఉండిపోయాయి. దారి పొడుగునా మొహం మాడ్చుకుని నన్నే తిడుతూ నడిచాడు, పాత జాకెట్లన్నీ నేనే ముంచినట్టు.

సముద్రంలో మూడో రోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాక చూద్దును కదా, బాబాయి కొత్త జాకెట్‌ను నాలుగు మడతలు పెట్టి తలకింద దోపుకుంటున్నాడు. దిండు పక్కనే ఉంది! ఒక్క ఉదుటున జాకెట్ లాగేశాను. తల చెక్కకు ఠపీమని కొట్టుకుంది.

"ఏరా, ఒళ్లు కొవ్వెక్కిందా?"

"ఎక్కింది. అత్తకి చెప్పనా?"

నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాడు. తిడుతూనే లేచి, జాకెట్‌ను నా చేతిలోంచి లాక్కుని, తనే కొక్కేనికి తగిలించాడు.