మబ్బు లేకుండా మోగిన వరద గంట

ఈ రోజు పొద్దున్న ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. అయినా మా ఊరి చర్చి గంట ఆగకుండా మోగింది. అలా మోగిందంటే మాకు ఒకటే అర్థం: వంశధార పొంగుతోంది, గొడ్లను చర్చి మెట్ట మీదికి తోలండి అని. తాతల నాటి నుంచీ, ఏ దేవుడికి మొక్కే ఇంటి పశువుకైనా వరదల్లో అదే దిక్కు.

ఆ మెట్ట మీద ఇప్పుడొక రియల్ ఎస్టేట్ ఆయన ప్లాట్లు వేసి రాళ్లు పాతించాడు. 'ఎంత వరదొచ్చినా నీరెక్కని స్థలం' అని బోర్డు కూడా పెట్టాడు. కొనేవాళ్లను కారులో తీసుకొస్తున్నాడని తెలిసి పాస్టరుగారు గంట తాడు అందుకున్నారు. అరగంటలో ఊరి గొడ్లన్నీ మెట్టెక్కాయి. రాయికొక ఆవు. నేను మా గేదెను పద్నాలుగో ప్లాటు రాయికి కట్టాను.

"వరదేటీ నేదు కదా, ఏటిదంతా?" అని ఆయన కేకలేశాడు.

మా అప్పలనరసమ్మత్త ఆయన వైపు చూడనైనా లేదు. కారు దిగిన దంపతులతో నెమ్మదిగా చెప్పింది: "సూసుకోండి బాబూ, వరదొస్తే ఇయన్నీ మీ గుమ్మంలోకే వస్తాయి. మాకింకో మెట్ట నేదు."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని మళ్లీ కారెక్కారు.

రాళ్లు పీకేదాకా రోజూ గొడ్లను అక్కడే కడతాం, పాలూ అక్కడే పితుకుతాం. మీ ఊళ్లోనూ ఇలాంటి మెట్ట ఉంటే రేపే వెళ్లి చూసుకోండి, రాళ్లు పడ్డాయేమో. ఇక్కడ ప్లాటు కావాలనుకునేవాళ్లు మాత్రం పద్నాలుగో నంబరు అడక్కండి. మా గేదె లేవదు.