పెద్దమ్మ కొండ పడుకుంది

నా నోట్లోంచి వచ్చిన ఒక్క మాటను అరవై ఏళ్లకు పైగా మోస్తున్నాను. కట్టెలమోపు అయితే దారిలో ఎక్కడో దించుకునేవాణ్ని. ఇది దిగలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

ఈమధ్య మా ఊరి బడి మేష్టరు ఒక నోటుపుస్తకం ఇచ్చి, లోయ గురించి తెలిసినదంతా రాసిపెట్టమన్నారు. రాశాను. ఏ గెడ్డ ఏ ఊటలో పుట్టి ఏ ఏట్లో కలుస్తుందో, ఏ పల్లంలో వరి పండుతుందో, ఏ వాలు మీద సామలు, ఏ వాలు మీద వలిసెలు వేసేవాళ్లమో, ఘాట్ రోడ్డు మీద లారీలు తిరగని రోజుల్లో మైదానం వర్తకులు ఉప్పూ ఎండుచేపలూ ఏ దారిన కావిళ్లతో మోసుకొచ్చేవారో, అన్నీ రాశాను. ఒక్క వాలు పేరు మాత్రం రాయలేదు. చదివినవాళ్లెవరూ ఆ లోటు పట్టుకోలేదు. పట్టుకోగలిగిన మనిషి ఇప్పుడు లేదు.

ఆమె మా అమ్మకు అక్క. బుదరి పెద్దమ్మ. అమ్మ పోయాక నన్ను పెంచింది. చోడి అంబలి చిక్కటిది నా డొప్పలో పోసి, పలచటిది తను తాగేది. లోయలో నాకు తెలిసిన ప్రతి పేరూ ఆమె నోట విన్నదే. అక్షరాలు మాత్రం నా అంతట నేనే నేర్చుకున్నాను, సంతలో ఉప్పు కట్టిచ్చిన పాత పేపరు ముక్కల మీద, కొట్టు షావుకారును విసిగించి. ఆ సంగతి జీవితమంతా గొప్పగా చెప్పుకున్నాను. పేర్లు నేర్పిన మనిషి గురించి ఎన్నిసార్లు చెప్పుకున్నాను?

మా సేద్యం సంగతి ఒకటి మీకు తెలియాలి. కొండవాలు మీద తుప్ప నరికి, కాల్చి, రెండు మూడేళ్లు పంట తీశాక దాన్ని వదిలేసేవాళ్లం, చెట్టూ తుప్పా మళ్లీ ఎదిగేదాకా. దాన్ని మేం బీడు అనలేదు. కొండ పడుకుంది అనేవాళ్లం. మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. కొండ పడుకున్నన్నాళ్లూ ఆ ఇంటివాళ్లు దాని మీద కాలు పెట్టరు. నాది అని నోటితో అనరు. ఎవరైనా అడిగితే పక్కవాడే చెప్పాలి, ఫలానా వాళ్లదని. ఎవరూ ఎప్పుడూ తప్పు చెప్పలేదు. పెద్దమ్మకు రెండే చోట్ల వాలు ఉండేది. ఒకటి పండుతుంటే ఒకటి పడుకునేది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో గొలుసులూ బల్లా పట్టుకుని సర్వేవాళ్లు వచ్చారు. కొలతలు రాసుకునే అమీను మైదానం మనిషి. ఆయన్ను తిప్పి, ఏది ఎవరిదో చెప్పడానికి ఊరు నన్ను పంపింది. అప్పటికి నాకు ఇరవై దాటాయి. చదవడం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. అమీను నాకొక పెన్సిలు ఇచ్చాడు. నేను చెప్పిన పేరు ఆయన రాస్తుంటే, నా మాట కాగితం మీద నల్లగా నిలిచిపోవడం చూస్తుంటే, నా కాళ్లు నేల మీద ఆనలేదు.

మొదటి పడుకున్న కొండ దగ్గర, ఇదెవరిదని అడిగాడు. మా పొరుగింటి సోమన్నది, పడుకుంది అన్నాను.

"కొండ పడుకుందా? దుప్పటి కప్పారా మరి?" అన్నాడు అమీను.

"గురకెడతాదేమో, సెవెట్టి ఇనండి బాబూ" అన్నాడు గొలుసు పట్టుకున్నవాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అయినా సోమన్న పేరు రాశాడు అమీను. నవ్వుతూనే రాశాడు. అది గమనించండి. నిజం చెబితే నాకు జరిగే నష్టం ఆ నవ్వు ఒక్కటే.

రెండోది పెద్దమ్మది. మేం గెడ్డ దాటి ఎక్కాం. ఆమె దాటలేదు. కట్టుబాటు ప్రకారం ఇవతలే, ఒక బండరాయి మీద నిలబడింది. "ఇదో?" అన్నాడు అమీను పెన్సిలు ఎత్తి. అతని పెదవి కొస అప్పుడే నవ్వుకు సిద్ధంగా ఉంది. నేను దాన్ని చూశాను. ఆ పెదవి విచ్చుకోకూడదని, నన్ను కొండవాడని కాక చదువుకున్నవాడని అనుకోవాలని, అంతే, నాకు పగ లేదు, ఆశ లేదు, ఎవరైనా ఏదైనా ఇస్తామని ఆశపెట్టి ఉంటే ఈ రోజు కాస్త సులువుగా ఉండేది, ఉత్త ఒక పెదవి కోసం అన్నాను.

"బీడండి. ఎవరిదీ కాదు."

రాసుకున్నాడు. "ఇలా తేటగా చెప్పాలయ్యా" అని మెచ్చుకున్నాడు.

దిగి వచ్చేసరికి పెద్దమ్మ ఆ రాతి మీదే ఉంది.

"ఏటి రాసినారు బాబు?"

"నీ పేరే పెద్దమ్మా."

"ఏదీ, నా పేరు ఎలాగుంటాది? ఓపాలి సూపించు."

అమీను ఇచ్చిన పెన్సిలుతోనే ఆ రాతి మీద రాసి చూపించాను. ఆమె వంగి చూసింది.

"ఇంత సిన్నదా. ఇంత సిన్నదాన్లో అంత కొండ పడతాదేటి?" అని నవ్వింది. "నానైతే నోరిప్పకూడదు. నువ్వున్నావు కాబట్టి సరిపోనాది. సల్లగుండు నాయనా."

వానకు ఆ రాత పోయింది. ఆమె మాత్రం అటు వెళ్లినప్పుడల్లా ఆ చోటు చేత్తో తడిమేది.

అమీను ఇంకా రెండు రోజులు మా ఊళ్లోనే ఉన్నాడు. రెండు రోజులూ నేను ఆయన పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదా? తెరిచాను. వేరే కొండల పేర్లు చెప్పాను.

నాలుగేళ్లకు పెద్దమ్మ కత్తి పట్టుకుని ఆ వాలును లేపడానికి వెళ్లింది. ఎవరిదీ కాని బీడని అడవిశాఖ కలిపేసుకుని, అక్కడ సరిహద్దు రాయి పాతింది. గార్డు కత్తి లాక్కుని పంపేశాడు. ఊరంతా అమీనును తిట్టింది. అందరికంటే గట్టిగా నేను తిట్టాను. అర్జీ రాశాను. పొరపాటున బీడని నమోదైంది అని రాశాను. ఎవరి పొరపాటో రాయలేదు. ఏళ్ల తరబడి అలాగే రాశాను. కొండవాళ్ల మాట వినకుండా కాగితం మీద గీతలు గీసేవాళ్లంటే నాకు కోపం, అది అబద్ధం కాదు, చచ్చేదాకా ఉంటుంది. ఆ కోపం చూసే పక్క ఊళ్లవాళ్లు కూడా నా చేత అర్జీలు రాయించుకున్నారు, కొన్ని నెగ్గాయి, నాకు మర్యాద వచ్చింది. అందులో వాళ్ల మీద కోపమెంత, నా మీదెంత? విడదీయలేకపోయాను.

పెద్దమ్మకు మిగిలిన ఆ ఒక్క వాలుకు పడుకునే వీలు లేకపోయింది. ఏటేటా దాన్నే విత్తింది. ప్రతి పంటకూ మొదటి గుప్పెడు సామలు నాకు తెచ్చిచ్చేది, అర్జీలు రాస్తున్నందుకు. "నాకోసం రాసి రాసి నీ సేతి ఏళ్లు అరిగిపోతన్నాయి బాబు" అనేది. ఏడాదికేడాది గింజ సన్నబడింది. గుప్పెడు మాత్రం తగ్గలేదు. ఆ గింజలు నేను తిన్నాను.

ఒకసారి చేటలో సామలు చెరుగుతూ, నా వైపు చూడకుండానే అంది. "నోటితో అననేదు గానీ, మనసులో నాది అనుకున్నానేమో. అందుకే పోనాది."

అప్పుడైనా చెప్పాలి కదా. చేట అందుకుని రాళ్లు ఏరాను.

ఆమె పోయేదాకా చెప్పలేదు.

ఇది రాస్తుంటే ఏడుపు వస్తుందనుకున్నాను. కృతజ్ఞతే వస్తోంది. ఆ చిక్కటి అంబలికి, ఆ పేర్లకు, ఆ గుప్పెళ్లకు. ఆమె నన్ను నమ్మినట్టు నన్నెవరూ నమ్మలేదు. ఆ నమ్మకానికి తగనని తెలిసీ దాని నీడనే బతికాను. పదిమంది కొండలు పదిమందికి నిలబెట్టానంటే, ఆ బలం కూడా ఆమెదే. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ కొండ మీది కాదు. ఆమె ఉన్నా అడగలేను. క్షమించేసేది. అది నాకు తెలుసు, అందుకే అడగలేను.

నోటుపుస్తకంలో చివరి పుట ఖాళీగా ఉంచాను. పక్కవాడే చెప్పాలి కదా. ఇప్పుడు చెబుతున్నాను. గెడ్డకు తూర్పున, బండరాయికి ఎదురుగా ఉన్న వాలు. దాని పేరు తేనెమెట్ట. చెట్లు బాగా ఎదిగాయి. అది బీడు కాదు. బుదరి పెద్దమ్మది. పడుకుంది.