మాటలక్క రాసిన ఉత్తరం

ఆ గ్రీటింగ్ కార్డుల కంపెనీలో అందరూ ఆమెను మాటలక్క అనేవారు. బొమ్మలు వేసేవాళ్లు వేరు, అచ్చు వేసేవాళ్లు వేరు. కార్డు తెరవగానే లోపల కనిపించే ఆ మూడు నాలుగు పంక్తులు మాత్రం ఆమెవి. పుట్టినరోజులకూ, పెళ్లిళ్లకూ, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినవాళ్లకూ, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకూ ఇరవై రెండేళ్లుగా ముక్కూమొహం తెలియని జనం తరఫున ఆమే మాట్లాడుతూ వచ్చింది. పరామర్శ కార్డుల్లో ఆమెకు తిరుగులేదు. మాటలక్క రాస్తే పోయినవాళ్లు కూడా ఊరట చెందుతారని కింది అంతస్తులో హాస్యమాడేవారు.

ఆ హాస్యం మొదలుపెట్టింది ఆమె తమ్ముడే. కింద కటింగ్ మెషీన్ దగ్గర అతని పని. ఐదు వందల షీట్ల కట్టను బల్ల మీద నాలుగు వైపులా తట్టి, అంచులు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపి, కత్తి కిందికి తోసేవాడు. అమ్మ పోయిన ఏడాది అతన్ని ఆ పనిలో పెట్టించింది ఆమే. అంతకు ముందు అతనికి కాలు ఒకచోట నిలిచేది కాదు; ఎక్కడ చేరినా మూణ్ణెల్ల ముచ్చటే. మెషీన్ చేతికొచ్చాక కుదురుకున్నాడు. పెళ్లి చేసుకున్నాడు. పదహారేళ్లు గడిచిపోయాయి. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని మెట్లెక్కి వచ్చి, అక్క బల్ల మీది కాగితాలు పక్కకు నెట్టి, అక్కడే కూర్చుని తినేవాడు. ఆమె రాసింది చదివి, "ఏడుపు రావట్లేదక్కా, ఇంకొంచెం పిండు" అనేవాడు. అతను ముక్కు ఎగబీలిస్తే గాని ఆమె ఆ కార్డు కిందికి పంపేది కాదు.

ఆ ఏడాది ఊళ్లో వ్యాపారాలన్నీ పడుకున్నాయి. ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు జనం ముందుగా మానేసేది కార్డులే. దుకాణాల నుంచి కట్టలు విప్పకుండానే తిరిగొచ్చాయి. ఏటా వేలకొద్దీ కార్డులు కొనే పెద్ద ఆఫీసులు ఒక్కొక్కటే ఈసారికి వద్దన్నాయి. వెనక్కొచ్చిన అట్టపెట్టెలను మొదట మెట్ల కింద పేర్చారు, తర్వాత సైకిళ్లు పెట్టే చోట, చివరికి మాటలక్క గదిలో కిటికీ సగం మూసుకుపోయేదాకా. కింద మెషీన్లు పూటంతా ఊరికే ఉంటుంటే, పనివాళ్లు తుడిచిన చోటే మళ్లీ తుడుస్తూ కాలం గడిపేవారు.

ఒక ఉదయం మేనేజరు ఆమెను పిలిచి తలుపు వేశాడు. నలభై మందిని తీసేయాలని పైవాళ్లు తేల్చేశారట. వాళ్లకివ్వడానికి వకీలు రాసి పంపిన ఉత్తరం ఆమె ముందుకు జరిపాడు. అది చదివితే దొంగతనం చేసినవాడికి ఇచ్చిన నోటీసులా ఉంది.

"మీరైతే మనసు నొచ్చుకోకుండా రాస్తారు," అన్నాడు. "పై అంతస్తు జోలికి ఎవరూ రారు. ఆ మాట నేనిస్తున్నా."

పై అంతస్తు అన్నాడు. కింది అంతస్తు సంగతి ఎత్తలేదు. తమ్ముడి మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే జాబితాలో ఉన్నాడనో లేడనో చెబుతాడు. ఉన్నాడంటే, రాయనని అనాలి. రాయనంటే తన కుర్చీకే ఎసరు. మోకాళ్లు పాడై ఇంటిపట్టున ఉన్న భర్తా, చదువు సగంలో ఉన్న కూతురూ కళ్ల ముందు మెదిలారు. ఆమె అడగలేదు. కాగితం తీసుకుని పైకి వచ్చేసింది.

మూడు రోజులు పట్టింది. మొదటి రోజు పెన్ను కదల్లేదు. రెండో రోజుకు పని పట్టుబడింది. అది ఎవరి చేతికి వెళ్తుందో మరిచిపోయి, బాగా కుదరాలన్న పట్టుదలలో పడిపోయింది. తర్వాత ఆమెను అన్నిటికన్నా ఎక్కువగా తొలిచింది అదే. చివరి వాక్యం ఒక్కటే దొరకలేదు. మూడో రోజు అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు అక్కాతమ్ముళ్లలో ఎవరైనా అలిగి బయటికి పోతే, అమ్మ బతిమాలేది కాదు. లోపల్నుంచే, "తలుపు దగ్గరికి వేశాను గాని గడియ పెట్టలేదు" అనేది. ఆ మాటనే కాస్త మార్చి ఉత్తరం చివర పెట్టింది: ఈ రోజు తలుపు దగ్గరికి వేస్తున్నాం గాని గడియ పెట్టడం లేదు.

మేనేజరు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం కింద ఉత్తరాలు పంచారు. నడుస్తున్న ఒకటి రెండు మెషీన్లూ ఆగిపోయాయి. ఎవరూ అరవలేదు. కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తమ్ముడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఉత్తరం బల్ల మీద పెట్టి, చివరి పంక్తి మీద వేలుంచాడు.

"ఇది అమ్మ మాట."

ఆమె పెన్నుకు మూత పెట్టింది.

"నా పేరుందని తెలుసా నీకు?"

"తెలీదురా. నిజంగా తెలీదు."

"అడిగావా?"

అతను ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

"బాగా రాశారు," అన్నాడు. "కింద ఇద్దరు ఆడవాళ్లు ఏడ్చేశారు. మీకు చెప్పమన్నారు."

అతను ఆమెను మీరు అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. నాలుగు తిట్లు తిట్టినా ఆమె భరించేది.

ఆదివారం అతని ఇంటికి వెళ్లింది. మరదలు కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. తమ్ముడు బావగారి మోకాళ్ల గురించి అడిగాడు, మేనకోడలి చదువు గురించి అడిగాడు. వాకిలి దాకా వచ్చి సాగనంపాడు. ఎక్కడా పొల్లు మాట లేదు. చుట్టం చూపుగా వచ్చినవాళ్లను పంపినట్టు పంపించాడు.

నెల తిరక్కుండానే అతను ఒక పార్శిళ్ల గోడౌన్‌లో మూటలు మోసే పనికి కుదిరాడు. ఆమె ఉద్యోగం నిలిచింది గాని చేయి నిలవలేదు. ఏ కార్డు మొదలుపెట్టినా మాటలు అతకలేదు. ఒకరోజు, కార్డులు మడతపెట్టే పని పోయిన పెద్దావిడ గేటు దగ్గరికి వచ్చింది. నలిగిపోయిన ఉత్తరం చూపించి, గడియ పెట్టలేదన్నారుగా, ఎప్పుడు రమ్మంటారని వాచ్‌మన్‌ను అడిగింది. అతను ఆమెను తిన్నగా మాటలక్క దగ్గరికే పంపాడు. మాటలక్క మేనేజరు దగ్గరికి పరుగెత్తింది.

"అలా రాయమని నేను చెప్పానా?" అన్నాడతను. "అది మీ మాటే కదా."

తొమ్మిది నెలలకు పై అంతస్తునూ మూసేశారు. ఆ జాబితాలో మాటిచ్చిన మేనేజరు కూడా ఉన్నాడు. ఈసారి ఉత్తరం రెండే పంక్తులు. దాన్ని రాయమని ఎవరూ ఆమెను అడగలేదు.

కబురు తెలిసి తమ్ముడు వచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. గోడౌన్‌లో చిరునామాలు రాసేవాళ్లు కావాలంటున్నారు, మీ దస్తూరి బాగుంటుందని చెప్పాను, సోమవారం రండి అన్నాడు. ఆమె వెళ్లింది. ఇప్పుడక్కడ పార్శిళ్ల మీద పేర్లూ వీధులూ రాస్తోంది. సాయంత్రం ఆమె బస్సెక్కేదాకా అతను స్టాపులో నిలబడతాడు.

ఒక సాయంత్రం ఆమె ఉండబట్టలేక అతని చెయ్యి పట్టుకుంది. "ఆ రోజు నేను అడగాల్సింది. భయపడ్డానురా," అంది.

అతను రోడ్డు వైపు చూస్తూనే, "నాకూ పెళ్లాం పిల్లలున్నారు. మీ చోట నేనున్నా అడిగేవాణ్ణి కాదేమో," అన్నాడు. అంతలోనే, "బస్సొచ్చింది, ఎక్కండి," అన్నాడు.

నేనూ అడిగేవాణ్ణి కాదేమోనన్న ఆ మాట కోసమే ఏడాదిగా ఆమె ప్రాణం కొట్టుకుంది. అది వింటే గుండె బరువు దిగుతుందనుకుంది. కానీ దాని వెనకే ఆ 'ఎక్కండి' కూడా వినబడింది. కిటికీ పక్కన కూర్చుని, తన స్టాపు దాటిపోయిన సంగతి కూడా తెలియకుండా ఏడ్చింది.